కౌన్సిలర్ అభ్యర్థి ఉద్యోగాలిస్తానంటే ఏమడగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ వార్డులో ముగ్గురు పోటీలో ఉన్నారు. ఒకాయన గెలిపిస్తే ఇంటికో ఉద్యోగం అంటున్నారు. రెండో ఆయన మా పార్టీ చైర్మన్ పీఠం ఎక్కితే పట్టణానికి పెద్ద పరిశ్రమ వస్తుంది అంటున్నారు. మూడో ఆవిడ ఇండిపెండెంటు. మార్కెట్లో ఆశీలు (చిన్న వ్యాపారుల దగ్గర తీసుకునే రోజువారీ రుసుము) దోపిడీ ఆపిస్తాను, బండ్లవాళ్లకు గుర్తింపు కార్డులిప్పిస్తాను, ట్రేడ్ లైసెన్సు ఫీజు ఎత్తేయిస్తాను అంటున్నారు. మీరు డిగ్రీ చేసి గ్రూప్స్‌కి చదువుకుంటున్నారు. మీ నాన్నగారికి బస్టాండు దగ్గర టిఫిన్ బండి ఉంది. వీళ్ల మాటల్లో ఎవరిది ఎంత నిజమో చెప్పమన్నారు.

నేను మున్సిపల్ ఆఫీసులో రెవెన్యూ సెక్షన్‌లో చేరి, మేనేజర్‌గా రిటైరయ్యాను. ఎవరికి ఓటెయ్యాలో నేను చెప్పను, అది మీ ఇష్టం. ఏ పని ఎవరి చేతిలో ఉంటుందో మాత్రం చెప్పగలను. మొదటి రెండు హామీలూ కౌన్సిలర్ చేతిలో లేనివి. మూడో ఆవిడ చెప్పినవాటిలో రెండు కౌన్సిల్ గట్టిగా పట్టుబడితే అయ్యేవే, మూడోది మాత్రం తేడాగా ఉంది. అదెందుకో కింద చెప్తాను.

ముందు ఇంటికో ఉద్యోగం సంగతి. మున్సిపాలిటీలో ఒక్క అటెండర్ పోస్టు కూడా కౌన్సిల్ తన ఇష్టప్రకారం నింపలేదు. రెగ్యులర్ పోస్టు మంజూరు చేసేది రాష్ట్ర ప్రభుత్వం, భర్తీ చేసేది సర్వీస్ కమిషనో, సంబంధిత శాఖో. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు చూశారు కదా, పేరులోనే వార్డు ఉంది, అయినా పరీక్ష పెట్టింది రాష్ట్ర ప్రభుత్వమే. తెలంగాణలో వార్డు ఆఫీసర్ పోస్టులు 2022 డిసెంబరు నాటి గ్రూప్-4 నోటిఫికేషన్‌లో వచ్చాయి. వీటిలో ఏ కౌన్సిలర్ సిఫార్సుకూ చోటు లేదు.

మరి ఆయన ఏ ధైర్యంతో అంటున్నారు? ఆయన మనసులో ఉన్నది ఔట్‌సోర్సింగ్. పారిశుధ్య కార్మికులు, నీళ్లు వదిలేవాళ్లు, వీధి దీపాల మనుషులు, ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్లు. ఒకప్పుడు ఏజెన్సీ కాంట్రాక్టర్ల ద్వారా ఈ పనుల్లోకి మనుషులు వచ్చేవారు, అందులో కౌన్సిలర్ల మాట బాగానే చెల్లేది. తర్వాత ఆంధ్రలో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టి ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని దాని కిందికి తెచ్చారు. తెలంగాణలో ఏజెన్సీలున్నా, ఎంతమందిని పెట్టుకోవాలో ప్రభుత్వ అనుమతి మీదే ఆధారపడి ఉంటుంది. ఎవరైనా చనిపోయినా, మానేసినా ఆ ఖాళీలోకి ఒక మనిషిని ఇరికించడమే ఇక మిగిలింది. ఆ ఒక్క ఖాళీని పదిమందికి చూపించి డబ్బులు తీసుకునే బేరగాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎన్నికల తర్వాత ఎవరైనా మీ ఇంటికొచ్చి మున్సిపాలిటీలో పెట్టిస్తాం, ఇంత అవుతుంది అంటే ఆ గుమ్మంలోంచే పంపించెయ్యండి. డబ్బు పోతుంది, రసీదు ఉండదు, కేసు పెట్టాలంటే లంచం ఇచ్చినవాడిగా మీరూ ఇరుక్కుంటారు.

రెండోది, పరిశ్రమ. పారిశ్రామిక భూములు కేటాయించేది ఆంధ్రలో ఏపీఐఐసీ, తెలంగాణలో టీజీఐఐసీ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు. అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే పద్ధతి ఆంధ్రలో సింగిల్ డెస్క్ పేరుతో, తెలంగాణలో 2014 నాటి ఐపాస్ చట్టం ద్వారా నడుస్తుంది. రాయితీలు కేబినెట్ స్థాయిలో తేలతాయి. మున్సిపల్ కౌన్సిల్ అజెండాలో పరిశ్రమ తేవడం అనే అంశమే రాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పారిశ్రామిక వాడలో ఫ్యాక్టరీ వచ్చినా దాని ఆస్తిపన్ను అంతా మున్సిపాలిటీకి రాదు. ఆ వాడలకు ఐలా అనే స్థానిక అథారిటీ హోదా ఇస్తారు, పన్ను అదే వసూలు చేసి, కొంత వాటా మాత్రం స్థానిక సంస్థకు జమ చేస్తుంది. పరిశ్రమ వస్తే మున్సిపాలిటీ ఖజానా నిండిపోతుందని మైకులో చెప్పేవాళ్లు ఈ లెక్క చూసుకున్నట్టు లేదు.

మా పార్టీ ఎమ్మెల్యే, ఎంపీ ఉన్నారు, వాళ్లు తెస్తారు అంటారేమో. తేవచ్చు. ఎమ్మెల్యే, ఎంపీలు కౌన్సిల్‌లో ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు కూడా. కాని ఆ పని వాళ్లదైతే ఓటు వాళ్ల ఎన్నికల్లోనే అడగాలి. వార్డు ఎన్నికలో ఎమ్మెల్యే పని చూపించి ఓటడగడమంటే, కౌన్సిలర్‌గా తాను చెయ్యబోయేది ఏమీ లేదని చెప్పుకోవడమే.

ఇక అసలు సంగతికి వద్దాం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. ఆర్థిక, సామాజికాభివృద్ధికి ప్రణాళికలు వెయ్యడం అందులో మూడోది, పట్టణ పేదరిక నిర్మూలన పదకొండోది. వినడానికి ఘనంగా ఉంటుంది. అప్పగించవచ్చు అన్నారే గాని అప్పగించి తీరాలి అనలేదు. ఎంత అప్పగించాలన్నది రాష్ట్రం ఇష్టం. కౌన్సిల్ తీర్మానాన్ని రద్దు చేసే అధికారం కూడా రెండు రాష్ట్రాల మున్సిపల్ చట్టాల్లోనూ ప్రభుత్వానికి ఉంది. అందుకని ఆ షెడ్యూల్ చూపించి ఎవరైనా పెద్ద మాటలు చెబితే తల ఊపి ఊరుకోండి.

అయినా జనం రోజు కూలీ, రోజు వ్యాపారం మీద కౌన్సిల్‌కు గట్టి పట్టు ఉంది. అది హామీ పత్రాల్లో కనిపించదు, ఫైళ్లలో కనిపిస్తుంది. మార్కెట్ వేలం ఫైలు, వీధి వ్యాపారుల ఫైలు, టౌన్ ప్లానింగ్ ఫైలు, పనుల బిల్లుల ఫైలు. పట్టణంలో వందల కుటుంబాల రాబడి ఈ నాలుగింటి మీద ఉంటుంది.

మార్కెట్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను దగ్గరుండి చూసింది ఇదే. కోస్తాలో ఆశీలు అంటాం, తెలంగాణలో తైబజార్ అంటారు. కూరగాయల మార్కెట్, వారపు సంత, రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకునేవాళ్ల దగ్గర రోజువారీ రుసుము వసూలు చేసుకునే హక్కును మున్సిపాలిటీ ఏడాదికి వేలం వేస్తుంది. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. బుట్టకెంత, బస్తాకెంత, బండికెంత అన్న రేట్లను కౌన్సిల్ తీర్మానిస్తుంది. ఆ రేట్ల బోర్డు మార్కెట్ గేటు దగ్గర అందరికీ కనపడేలా పెట్టాలి, తీసుకున్న ప్రతి పైసాకీ రసీదివ్వాలి. వేలం షరతుల్లో ఇవన్నీ ఉంటాయి.

ఇప్పుడు తెల్లవారుజామున మార్కెట్‌కి వెళ్లి చూడండి. ఆకుకూరల కట్టలు గోనెపట్టా మీద పరుచుకుని ఓ ఆవిడ కూర్చుంటుంది. ఇంకా బోణీ కాలేదు. కాంట్రాక్టర్ మనిషి వచ్చి చెయ్యి చాపుతాడు. రసీదు పుస్తకం చంకలోనే ఉంటుంది, బయటికి రాదు. అడిగితే ఒక చీటీ చింపి ఇస్తాడు, దానిమీద పది ఉంటుంది, తీసుకున్నది ముప్పై. రేట్ల బోర్డు ఏదయ్యా అంటే వానకి పడిపోయిందంటాడు. ఆవిడ కూడా గొడవపడదు, రేపు చోటు పోతుందని భయం. ఆ తేడా ఇరవై రూపాయలు ఆమెకు చిన్న మొత్తం కాదు, రోజూ కట్టేదే కదా. నెల తిరిగేసరికి అదొక చిన్న అద్దె.

ఇందులో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఈ ఏడాది ఆశీలు రికార్డు ధరకి పోయింది, మున్సిపాలిటీకి ఆదాయం పెరిగింది అని పాలకవర్గం గొప్పగా ప్రెస్‌మీట్ పెడుతుంది. ఆ పెరిగిన సొమ్ము ఎవరిస్తారు? పాడుకున్నవాడు తన ఇంట్లోంచి తెచ్చి ఇవ్వడు కదా. రేట్లు పెరగలేదు, బుట్టలు పెరగలేదు, పాట మాత్రం పెరిగిందంటే, వాడు ఎక్కువ వసూలు చేస్తాడని తెలిసే పాడాడు, అది తెలిసే కౌన్సిల్ ఒప్పుకుంది. ఇంకోచోట పాటగాళ్లంతా రింగైపోయి తక్కువకి కొట్టేస్తారు, అప్పుడు మున్సిపాలిటీ కూడా నష్టపోతుంది. రెండూ చెడ్డవే. నన్నడిగితే మొదటిదే ఎక్కువ చెడ్డది, ఎందుకంటే దాన్ని అందరూ మెచ్చుకుంటారు.

కౌన్సిలర్ ఇక్కడేం చెయ్యగలరు? చాలా చెయ్యగలరు. రేట్ల బోర్డు పెట్టించమని జీరో అవర్‌లో లేవనెత్తవచ్చు. ఎక్కువ వసూలు చేస్తే లీజు రద్దు, డిపాజిట్ జప్తు అన్న షరతును అమలు చెయ్యమని తీర్మానం పెట్టించవచ్చు. చిన్న బుట్టలవాళ్లను రుసుము నుంచి మినహాయించమని ప్రతిపాదించవచ్చు. వేలానికి బదులు మున్సిపాలిటీయే సొంత సిబ్బందితో వసూలు చేసుకునే పద్ధతి కూడా ఉంది, పాట రానప్పుడు ఆఫీసులో చేసేది అదే. వేలం నోటీసులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. కొత్త కౌన్సిల్ కూర్చునే నాటికి ఆ ఏడాది వేలం అయిపోయి ఉంటే, రేట్ల మీద ఏం చెయ్యాలన్నా వచ్చే మార్చి దాకా ఆగాల్సిందే. మీ మూడో అభ్యర్థిని మొదట అడగాల్సింది అదే. ఈ ఏడాది పాట ఎంతకి పోయింది, ఎవరు పాడారు, షరతులు చదివారా అని. చదివినవాళ్లు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

మీ నాన్నగారి బండి సంగతి దీనికి ఆనుకునే ఉంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. దానికి మున్సిపల్ కమిషనర్ చైర్మన్. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, అదీ వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లే అయి ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. అయిదేళ్లకు ఒకసారైనా సర్వే చెయ్యాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత కూడా వేరేచోటికి పంపాలంటే 30 రోజుల నోటీసివ్వాలి. సరుకు జప్తు చేస్తే, అడిగిన రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి, పాడైపోయే సరుకైతే అడిగిన రోజే.

ఈ ముక్కలు చట్టంలో ఉన్నట్టు బండ్లవాళ్లకు తెలియదు, చాలామంది కౌన్సిలర్లకూ తెలియదు. మంత్రిగారు వస్తున్నారంటే చాలు, ముందురోజు రాత్రి ట్రాక్టర్ పెట్టి బండ్లు ఎత్తేస్తారు. పొద్దున్నే శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఎత్తడు. అలాంటప్పుడు మా బండి విడిపించండి అని కౌన్సిలర్ ఇంటిముందు నిలబడతారు, ఆయన ఫోన్ చేసి విడిపిస్తారు, ఆ కుటుంబం ఆయనకు అయిదేళ్లు రుణపడి ఉంటుంది. చట్టం ప్రకారం రావాల్సింది ఆయన దయలా మారిపోతుంది. నా ఉద్దేశంలో చాలామంది నాయకులు వెండింగ్ కమిటీని పట్టించుకోకపోవడానికి కారణం ఇదే. కార్డు చేతిలో ఉన్నవాడికి ఫోన్ చేసేవాళ్లతో పనేముంది?

కాబట్టి కార్డులిప్పిస్తాను అన్న ఆవిడను ఇలా అడగండి. మన పట్టణంలో చివరి సర్వే ఎప్పుడు జరిగింది? వెండింగ్ కమిటీకి ఎన్నిక జరిగిందా, లేక మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లు పేర్లు రాసి పెట్టేశారా? కమిటీ ఆఖరిసారి ఎప్పుడు కూర్చుంది? బస్టాండు రోడ్డు వెండింగ్ జోనా, నో వెండింగ్ జోనా? ఈ చివరి ప్రశ్న మీ ఇంటికి చాలా ముఖ్యం. జోను గీత కాగితం మీద ఎక్కడ గీస్తే మీ నాన్నగారి వ్యాపారం అక్కడిదాకే.

ఈలోగా నాన్నగారి పేరు సర్వేలో ఉందో లేదో మెప్మా సెక్షన్‌లో కనుక్కోండి. ఉంటే వీధి వ్యాపారులకిచ్చే కేంద్ర పథకం స్వనిధి అప్పుకి కూడా పనికొస్తుంది. 2020లో ఆ పథకం మొదలైనప్పుడు తొలి విడత 10 వేలు ఉండేది, 2025లో దాన్ని సవరించి తొలి విడత 15 వేలు, రెండో విడత 25 వేలు, మూడోది 50 వేలు చేశారు. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. సర్వేలో పేరు లేకపోతే మున్సిపాలిటీ ఇచ్చే సిఫార్సు లేఖ కావాలి. అది బ్యాంకు ఇచ్చే అప్పే అయినా మొదటి గేటు మున్సిపాలిటీ దగ్గరే ఉంది. విశ్వకర్మ పథకం కూడా అంతే. 18 రకాల చేతివృత్తులవాళ్లకు శిక్షణ, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి అప్పు ఇచ్చే ఆ పథకంలో మొదటి దశ పరిశీలన పంచాయతీ లేదా మున్సిపాలిటీ స్థాయిలోనే జరుగుతుంది. అక్కడ దరఖాస్తులు నెలల తరబడి పడి ఉంటే కదిలించడం కౌన్సిలర్ చెయ్యగలిగిన పని. మా ప్రభుత్వం అన్ని కోట్లిచ్చింది అని చెప్పేవాళ్లకంటే, మన మున్సిపాలిటీలో ఎన్ని దరఖాస్తులు ఆగాయో చెప్పగలిగినవాళ్లు నయం.

టౌన్ ప్లానింగ్ గురించి పెద్దగా చెప్పను, అదొక మహాసముద్రం. ఒక్కటి గుర్తుంచుకోండి. పట్టణంలో ఉద్యోగాలను అన్నిటికంటే ఎక్కువ కదిపేది పరిశ్రమ కాదు, బస్టాండునో కూరగాయల మార్కెట్‌నో ఊరి బయటికి మార్చే తీర్మానం. చుట్టూ ఉన్న టీ కొట్లు, ఫ్యాన్సీ షాపులు, జిరాక్సులు, ఆటో స్టాండు, హమాలీలు అన్నీ దాని మీదే బతుకుతాయి. రోడ్డు విస్తరణలో కొట్టు పోయినవాడికి నష్టపరిహారమైనా వస్తుంది, ఆ కొట్టులో పనిచేసే కుర్రాడికి ఏమీ రాదు. ఇలాంటివి అభివృద్ధి కింద లెక్కవేస్తారు గనుక ఎవరూ హామీల్లో చర్చించరు. మీ ముగ్గురినీ బస్టాండు మార్చే ప్రతిపాదన ఉందా, ఉంటే మీ వైఖరేమిటి అని అడిగి చూడండి. ముగ్గురూ ఇబ్బంది పడతారని నా అంచనా.

బిల్లులు, కూలీల సంగతి ఇక. కాలువ పూడిక, సీసీ రోడ్డు, పార్కు గోడ లాంటి పనుల్లో స్థానిక మేస్త్రీలకు, కూలీలకు పని దొరుకుతుంది. కాంట్రాక్టర్‌కు బిల్లు ఆలస్యమైతే ఆ దెబ్బ మొదట తగిలేది కూలీకే. పారిశుధ్య కార్మికులకు ఏజెన్సీ ద్వారా జీతమొస్తుంటే వాళ్ల పీఎఫ్, ఈఎస్ఐ కట్టారో లేదో చలానాలు చూపించమని కౌన్సిల్ అడగవచ్చు. కట్టకపోతే అసలు యజమానిగా మున్సిపాలిటీకీ బాధ్యత ఉంది. కొత్తగా వంద ఉద్యోగాలిస్తానని చెప్పేవాళ్లు, ఉన్నవాళ్ల పీఎఫ్ సంగతి ఏనాడైనా అడిగారా అన్నది నాకు పెద్ద కొలమానం. అలాగే, కౌన్సిలర్‌గా ఉంటూ మున్సిపాలిటీ పనుల్లో వాటా ఉంటే అనర్హత వేటు పడుతుంది. అందుకే పనులు బావమరిది పేరుమీద, తమ్ముడి పేరుమీద నడుస్తుంటాయి. మీ అభ్యర్థుల్లో ఎవరి ఇంట్లో కాంట్రాక్టర్లున్నారో ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది. దాన్ని కూడా ఆర్థిక విధానం కిందే లెక్కవేసుకోండి!

ఇవన్నీ కౌన్సిల్ సమావేశంలో ఎలా తేలతాయో ఒకసారి చూస్తే మీకు కోపం వస్తుంది. అజెండాలో యాభై అరవై అంశాలుంటాయి. మేనేజరో, క్లర్కో అంశం నంబరు, రెండు ముక్కలు చదువుతారు. ఎవరో ఆమోదం అంటారు. తర్వాతి నంబరు. పదకొండింటికి మొదలైంది భోజనాల వేళకి అయిపోతుంది. అసలైనవి చివర్లో టేబుల్ అజెండాగా వస్తాయి, అంటే ముందుగా సభ్యులకు పంపకుండా అప్పటికప్పుడు బల్లమీద పెట్టేవి. లీజు పొడిగింపులు, అంచనాల సవరణలు, అద్దె బకాయిల మాఫీలు అలాగే జారిపోతుంటాయి. మినిట్స్‌లో ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని రాస్తాం. ఆ గదిలో ఒక్క మనిషి లేచి, ఈ అంశం ముందు పంపలేదు, వాయిదా వెయ్యండి, లేకపోతే నా అసమ్మతి రాయండి అంటే మొత్తం వాతావరణమే మారిపోతుంది. ఆ ఒక్క మనిషి కోసమే వార్డు ఎన్నిక అని నేననుకుంటాను.

డబ్బు సంగతి చెప్పకుండా ఏ హామీనీ తూచలేం. మున్సిపాలిటీ సొంత ఆదాయంలో పెద్ద భాగం ఆస్తిపన్ను. దాని తర్వాత నీటి పన్ను, భవన అనుమతుల ఫీజులు, షాపుల అద్దెలు, ట్రేడ్ లైసెన్సులు, ఆశీలు. రిజిస్ట్రేషన్ల మీద వచ్చే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ వాటా ప్రభుత్వం నుంచి జమ అవ్వాలి, అది ఎప్పుడు పడుతుందో ప్రభుత్వం ఇష్టం. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులకు ముళ్లకంచె ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా మనలాంటి చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ఖర్చు పెట్టాలన్నారు, 40 శాతమే మన అవసరానికి వాడుకోవచ్చన్నారు, అదీ జీతాలకు కాదు. తెలంగాణలో అయితే 2019 చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. జీతాలు, కరెంటు బిల్లులు పోగా ఉపాధి పేరుతో ఖర్చు పెట్టడానికి మిగిలేది చాలా తక్కువ.

ఇప్పుడు ట్రేడ్ లైసెన్సు ఫీజు రద్దు గురించి. ఇందాక తేడాగా ఉందన్నది దీన్నే. ఫీజు తగ్గించాలని కౌన్సిల్ తీర్మానం చెయ్యవచ్చు గాని, పూర్తిగా ఎత్తేయడం ప్రభుత్వ నిర్ణయం. ఆంధ్రలో చెత్త పన్ను 2021లో వచ్చినా, 2024లో పోయినా రెండూ రాష్ట్ర స్థాయిలోనే జరిగాయి. పైగా ఫీజు పోయినంత మాత్రాన చిన్న కొట్టువాడికి పెద్ద ఊరట రాదు. వాడిని పీడించేది ఫీజు కాదు, దాని పేరు చెప్పి ఏడాదికి నాలుగుసార్లు వచ్చే మనుషులు. రెన్యూవల్ ఆన్‌లైన్‌లో అవుతోందా, తనిఖీకి వచ్చినవాళ్లు కాగితం ఇచ్చి వెళ్తున్నారా అన్నది ఆవిడ పట్టుకుంటే ఎక్కువ మేలు. ఫీజులన్నీ మాఫీ, పనులన్నీ డబుల్ అనేవాళ్లను ఏ పార్టీ అయినా సరే, ఆ లోటు ఏ పద్దులోంచి పూడుస్తారు అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు పై నుంచి తెస్తాం అయితే, ఆ మాటకి అర్థం ఏమీ లేదు.

మీలా పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు పనికొచ్చే ఒక సంగతి చెప్తాను, దీన్ని ఏ అభ్యర్థీ ఎత్తరు. మీరు కట్టే ఆస్తిపన్నులో గ్రంథాలయ పన్ను 8 శాతం కలిసి ఉంటుంది. మున్సిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. చాలాచోట్ల వసూలు చేసి, జనరల్ ఫండ్‌లో వాడేసుకుని, బకాయి పెడతారు. లైబ్రరీలో కుర్చీలు లేవు, రాత్రి తొమ్మిదిదాకా తెరవడం లేదు, కొత్త పుస్తకాలు రావడం లేదు అంటే దాని వెనక ఉన్నది తరచూ ఈ బకాయే. స్టడీ సెంటర్ కట్టిస్తామని హామీ ఇచ్చేవాళ్లను, ముందు ఈ బకాయి ఎంతుందో చెప్పి, అది కట్టించే బాధ్యత తీసుకోమనండి. కొత్త భవనం అక్కర్లేదు, ఉన్న హాల్లో ఫ్యాన్లు తిరిగితే చాలు కదా మీకు.

మీ పట్టణంలో ఈ మధ్య చుట్టుపక్కల పల్లెలు కలిశాయని కూడా రాశారు. అక్కడి అభ్యర్థులను వేరే ప్రశ్న అడగాలి. గ్రామీణ ఉపాధి హామీ పని పల్లెలకే. మున్సిపాలిటీలో కలిసిన రోజునుంచి అక్కడి కూలీలకు ఆ పని హక్కు ఉండదు, ఆస్తిపన్ను మాత్రం పట్టణ లెక్కకి వస్తుంది. మహిళా సంఘాలు కూడా గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ నుంచి మెప్మాకి మారాలి, ఆ బదిలీలో సంఘాలకు వచ్చే బ్యాంకు లింకేజీ రుణాలు కొన్నాళ్లు ఆగుతాయి. దాని గురించి నోరెత్తని అభ్యర్థి ఆ పేటలకు వెళ్లి ఉపాధి గురించి మాట్లాడటం నాకు విడ్డూరంగా ఉంటుంది.

వీళ్లు చెప్పేది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు ఉంటాయి, రిటర్నింగ్ ఆఫీసర్ ఆఫీసు దగ్గర అంటిస్తారు. మున్సిపల్ బడ్జెట్, ఆశీలు వేలం షరతులు, వెండింగ్ కమిటీ మినిట్స్ సమాచార హక్కు కింద అడగండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. పోలింగ్ లోపల రాకపోవచ్చు. అయినా పెట్టండి, గెలిచినవాళ్ల మొదటి సమావేశం నాటికి మీ చేతిలో కాగితం ఉంటుంది. పాత కౌన్సిలర్లు మళ్లీ పోటీలో ఉంటే ఇంకా సులువు. గత అయిదేళ్ల మినిట్స్‌లో ఆయన పేరు ఎన్నిసార్లు కనపడిందో చూస్తే చాలు. హాజరు సంతకం తప్ప ఇంకేమీ లేనివాళ్లు సగంమంది ఉంటారు.

ఇండిపెండెంటు గెలిచినా ఏం చెయ్యగలదు అని మీ ఇంట్లో అంటున్నారన్నారు. అందులో కొంత నిజముంది. చైర్మన్‌ను కౌన్సిలర్లే ఎన్నుకుంటారు, ఆ రోజు విప్‌లు, క్యాంపులు అన్నీ ఉంటాయి. పాలకపక్షం వార్డులకు పనులు ముందు పడతాయి, ప్రతిపక్షం వార్డు కాలువ ఆఖర్న తీస్తారు. రోడ్లు, కాలువలే మీకు ముఖ్యమైతే ఆ లెక్క వేసుకోవడంలో తప్పులేదు. మీరడిగింది ఉపాధి గురించి. రేట్ల బోర్డు పెట్టించడానికి, వెండింగ్ కమిటీ ఎన్నిక జరిపించమని కమిషనర్‌కు రాసివ్వడానికి, టేబుల్ అజెండాకి అసమ్మతి రాయించడానికి మెజారిటీ అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. కాగితాలు చదివే ఓపిక, కాంట్రాక్టర్ల మొహం చూసి తగ్గని మనస్తత్వం కావాలి. ఆవిడకు అవి ఉన్నాయో లేదో ఎదురుగా కూర్చుని అరగంట మాట్లాడితే మీకే తెలుస్తుంది. మాట్లాడటానికి ఆవిడే వస్తారా, పక్కన కూర్చుని భర్తగారే జవాబులిస్తారా అన్నది కూడా చూడండి. మన రెండు రాష్ట్రాల్లో సగం సీట్లు మహిళలవే అయినా, ఫైళ్లు ఇంటికి తెప్పించుకుని చదివేది ఎవరన్నది వార్డుకో రకంగా ఉంటుంది.